రొట్టె విరవాలంటే ఇద్దరుండాలి

చలికాలం వచ్చిందంటే సెర్బియాలో మా కికిందా ఊరి చౌకులో చెట్ల నిండా గుడ్లగూబలే. పగలంతా కొమ్మల మీద కునికిపాట్లు పడుతుంటాయి. కింద నడిచేవాళ్ళ నెత్తిన ఎప్పుడు ఏం పడుతుందో చెప్పలేం. పైఊరివాళ్ళు తలెత్తి ఫొటోలు తీసుకుంటారు, ఊళ్ళోవాళ్ళు టోపీ సర్దుకుని పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోతారు. యాగొదా మాత్రం ఇన్నేళ్ళుగా సైకిలు దిగకుండా, నెత్తిన గుడ్డ ముక్కయినా లేకుండా ఆ చెట్ల కిందనుంచే ఆఫీసుకి వెళుతోంది. ఇంతవరకూ ఆమె మీద ఏదీ పడలేదు. "అదృష్టం మీద మరీ అంత భరోసా పనికిరాదు కూమా," అని నెబోయ్షా ఆటపట్టిస్తాడు. అది అదృష్టం కాదనీ, గుడ్లగూబలక్కూడా తనంటే భయమనీ యాగొదా జవాబు.

నెబోయ్షా ఆమెకు కూమ్. యాగొదా పెళ్ళిలో పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డాడు, ఆ తరవాత ఆమె కూతురు దూన్యాని బాప్తిస్మానికి ఎత్తుకున్నాడు. అలాంటి మనిషిని కూమ్ అంటాం, ఆడమనిషైతే కూమా. సొంత అన్నదమ్ములు ఎడమొగం పెడమొగంగా ఉన్నా మా ఊరు సరిపెట్టుకుంటుంది. కూమ్‌తో తెగిందంటే మాత్రం ఆ ఇంటికేదో చీడ పట్టిందనుకుంటుంది.

యాగొదా వయసులో ఉన్నప్పుడు పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఏ షెడ్డులో ఎన్ని పెంకులున్నాయో కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఎక్కించీ ఎక్కించీ విసుగొచ్చి, ఆ పని దానంతటదే జరిగేలా చిన్న ప్రోగ్రాం రాసి పెట్టింది. మేనేజరు మెచ్చుకున్నాడు, ఆరు నెలలు తిరక్కుండా ఆ ఉద్యోగమే అక్కర్లేదని తీసేశాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియదు. ఒళ్ళో దూన్యాని పెట్టుకుని వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుంది. భర్త స్వెతోజార్ సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆయనకి కంప్యూటర్ గురించి ఓనమాలు రావు కానీ, భార్య పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని ఆపిల్ పళ్ళు కోసి పెట్టేవాడు. దూన్యా హైస్కూల్లో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది.

అప్పటికే యాగొదా, నెబోయ్షా ఇద్దరూ జివాన్ ఆఫీసులో చేరి ఉన్నారు. ఆఫీసంటే బేకరీ మీద రెండు గదులు. మెత్తటి మనిషి జివాన్ దానికి యజమాని. ఊళ్ళో సగం వెబ్‌సైట్లు అక్కడ పుట్టినవే. ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా ఉంటాయి. పొద్దున్నే నెబోయ్షా రాగి గిన్నెలో కాఫీ కాచి ముందు కూమాకి పోసి, తరవాత తను తాగుతాడు. ఏళ్ళ తరబడి అంతే. ఆ కాఫీ ఒకరోజు ఆగిపోయింది.

ఆస్పత్రి పనితో వచ్చింది ఆ తగువు. చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీలు పాడైనవాళ్ళని వారానికి మూడుసార్లు వ్యానులో పట్నానికి తెచ్చి, యంత్రం మీద రక్తం శుభ్రం చేయించి మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపాలి. ఈ రాకపోకలన్నీ ఇలోన్కా అనే నర్సమ్మ నెత్తిన ఉన్నాయి. పొగమంచు పడితే వ్యాను ఆలస్యం. అప్పటికే రోగులు గేటు దగ్గరికొచ్చి నిలబడి ఉంటారు, లోపలుంటే డ్రైవరు హారన్ వినపడదేమోనని. కిందటి శీతాకాలం మొక్రిన్ అనే పల్లెలో లాజర్ తాత అలా నిలబడీ నిలబడీ ఊపిరితిత్తులకి జలుబు దిగి చావు దాకా వెళ్ళొచ్చాడు. అందుకని ఇలోన్కా వచ్చి రెండు పనులు అడిగింది. ఏ వ్యానులో ఎవరు రావాలో తను మార్చుకోవడానికి వీలైన తెర ఒకటి కావాలి. వ్యాను బయల్దేరగానే రోగుల ఫోన్లకి ఒక సందేశం వెళ్ళాలి. వాళ్ళవన్నీ మీటలు నొక్కే పాత ఫోన్లు, వాటికి అందాలి.

వెబ్‌సైటు కట్టేవాళ్ళు ఇటుక ఇటుక పేర్చుకుంటూ రారు. గోడలూ దూలాలూ ముందే అమర్చి ఉన్న చట్రం ఒకటి తెచ్చుకుని, తమ పని అందులో ఇముడ్చుకుంటారు. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. లారావెల్, జాంగో అని అలాంటివి బోలెడున్నాయి. ఏది తెచ్చుకుంటే దానితోనే ఏళ్ళకేళ్ళు కాపురం చెయ్యాలి కనుక ఎంచుకునే ముందు అందరూ కాస్త తర్జనభర్జన పడతారు. మావాళ్ళు కాస్తతో ఆగలేదు.

"లారావెల్‌లో చేద్దాం," అంది యాగొదా. "మనకి చెయ్యి తిరిగిన పని. వసంతం లోపలే అయిపోతుంది."

"నీకు చెయ్యి తిరిగింది. జాంగోలో చేస్తే రేపు చూసుకోవడం తేలిక, అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి," అన్నాడు నెబోయ్షా.

"నీకు తేలిక."

"నాకే. ఎప్పుడూ నీకే తేలికవ్వాలా?"

ఇక్కడ ఎవరో ఒకరు నవ్వేస్తే అయిపోయేది. జివాన్ ఆ ప్రయత్నం చేశాడు కూడా, కానీ నవ్వు సరిగా రాక దగ్గులా వినిపించింది.

"పదేళ్ళుగా ఒకటే కూర వండుతున్నావు కూమా," అన్నాడు నెబోయ్షా. "కొత్తది నేర్చుకోవాలంటే నీకు భయం. అది ఒప్పుకో, గొడవ ఉండదు."

యాగొదాకి ముక్కు మీద ఉంటుంది కోపం. అదీ గాక అతను అన్నది నిజం. అందుకే మరీ మండింది.

"నాకు భయమే అనుకో. మరి నీ సంగతేంటి? నోవీ సాద్‌లో పెద్ద కంపెనీవాళ్ళు నిన్ను పిలిచారటగా. కింద బేకరీలో అందరికీ తెలుసు. వాళ్ళకి జాంగో కావాలి. జబ్బు మనుషుల పని మీద పని నేర్చుకుని నువ్వు చక్కా పోతావు, తరవాత ఆ చట్రంతో నేను ఏడవాలి."

నెబోయ్షా మొహం పాలిపోయింది. కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున రాగి గిన్నెలో ఒక్కరికి సరిపడా కాఫీ కాచుకున్నాడు.

బనాత్ మైదానం మనుషులం, మాకు అన్నీ నిదానమే. నడక నిదానం, మాట నిదానం, కోపం తగ్గడం మరీ నిదానం. సెర్బులకి పంతమంటే ఉన్న మక్కువ లోకంలో ఇంకెవరికీ ఉండదని మేమే గొప్పగా చెప్పుకుంటాం. పంతం కోసం కొంప తగలబెట్టుకుని, ఆ వెలుగులో పక్కింటివాడి మొహం ఎలా మాడిందో చూసి తృప్తిపడే రకం. ఆ నెల ఆ రెండు గదుల్లో జరిగింది వేరే చెప్పాలా?

"జివాన్, ఆ కిటికీ పక్కన కూర్చున్నాయనకి చెప్పు, కాఫీ పొంగిపోతోందని," అనేది యాగొదా.

"జివాన్, ఆవిడకి చెప్పు, చూశానని."

"చూస్తే తుడవమను."

జివాన్ మధ్యలో ఇటు తిరిగీ అటు తిరిగీ మెడ పట్టేసింది. ఆఖరికి ఇద్దర్నీ నిలబెట్టి, "నికోలా పండగ అయ్యాక సోమవారం తేల్చేస్తా. ఈలోగా చెరొక నమూనా కట్టి తీసుకురండి. ఏది బాగుంటే అది. మీ కాళ్ళు పట్టుకుంటా, నన్ను మాత్రం తపాలా బంట్రోతుని చెయ్యొద్దు," అన్నాడు.

యాగొదా తన నమూనా ఒక్క ఆదివారంలో సిద్ధం చేసి పక్కన పెట్టింది. చెయ్యి తిరిగిన పని కదా. కానీ మనసు ఊరుకోలేదు. సోమవారం నెబోయ్షా జాంగోని పొగుడుతుంటే ఎక్కడెక్కడ పట్టుకోవాలో తెలియొద్దూ? తప్పులు పట్టడానికని జాంగో నేర్చుకోవడానికి కూర్చుంది. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన ఆపిల్ పళ్ళు తనే కోసుకుని, పళ్ళు కొరుక్కుంటూ చదివింది. యాభై దాటిన మెదడు మొదట మొరాయించింది. ఏది ఎక్కడుందో తెలియక రెండుసార్లు లాప్‌టాప్ మూసేసి గిన్నెలు తోమింది. మూడో నాటికి దారి కనిపించింది. భయం పోతున్నకొద్దీ కోపం పెరిగింది, ఎందుకంటే అది బాగుంది.

రోగుల పేర్లూ, ఊళ్ళూ, వ్యాన్లూ ఏమిటో చెప్పగానే, వాటిని చేర్చుకోవడానికీ మార్చుకోవడానికీ కావలసిన తెరలు జాంగో తనే తయారుచేసి ముందు పెట్టింది. ఇలోన్కా అడిగిన తెర. లారావెల్‌లో అదే పని యాగొదా ఆదివారం సగం రోజు చేత్తో కట్టింది. ఇక్కడ కాఫీ చల్లారేలోపు వచ్చేసింది. తప్పు దొరుకుతుందేమోనని అటూ ఇటూ నొక్కి చూసింది. దొరకలేదు. ఆఖరికి ఉండబట్టలేక ఆస్పత్రికి వెళ్ళి ఇలోన్కాకి చూపించింది.

"ఇది నాకు అర్థమవుతోందే," అంది ఇలోన్కా ఆశ్చర్యంగా. హంగేరియన్ ఇంటి ఆడపడుచు, మాటకి ఒకసారి కళ్ళద్దాలు పైకి తోస్తుంది. "పొద్దున ఎవరైనా రావట్లేదంటే ఇక్కడ నొక్కి తీసేయొచ్చా? అయితే నాకిదే ఇచ్చెయ్."

"ఇది నాది కాదు," అంది యాగొదా.

"మరెవరిది?"

"ఎవరిదో. నీకు నచ్చింది కదా, అది చాలు."

తిరిగి వస్తూ ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది. ఇప్పుడు సోమవారం ఏమని వాదించాలి? ఆఫీసు మెట్ల దగ్గర జివాన్ కనిపించాడు.

"యాగొదా, ఒక మాట. నీతో చెప్పొద్దన్నాడు, అయినా చెబుతున్నా," అన్నాడు. "నోవీ సాద్‌వాళ్ళు నెబోయ్షాని పిలిచింది నిజమే. వేసవిలో పిలిచారు. అప్పుడే రానని చెప్పేశాడు. రానన్న సంగతి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు."

యాగొదా సైకిలు గోడకి ఆనించి, తాళం వెయ్యడానికి చాలాసేపు తీసుకుంది. సిగ్గుతో ఆమె మెడ దాకా కాలిపోయింది. ఆ నిమిషంలోనే పైకి వెళ్ళి, తప్పు మాట అన్నాను కూమ్, అనేస్తే సరిపోయేది. పైకి వెళ్ళింది కూడా. అతను కిటికీ వైపు తిరిగి కూర్చుని ఒంటరిగా కాఫీ తాగుతున్నాడు. ఆ వీపు చూడగానే ఆమె తిన్నగా తన బల్ల దగ్గరికి పోయి కంప్యూటర్ తెరిచింది.

ఇలా ఉండగా స్లావా దగ్గరికొచ్చింది. మాలో ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు ఉంటాడు, స్లావా ఆయన పండుగ. స్వెతోజార్ ఇంటి వేల్పు పునీత నికోలా. భర్త పోయినా యాగొదా ఆ పండుగ మానలేదు. ఆ రోజు కొవ్వొత్తి వెలిగించి, పండుగ రొట్టెని ఇంటి యజమానీ ఇంకొకరూ చెరో వైపు పట్టుకుని మూడుసార్లు తిప్పి, వైను పోసి, విరవాలి. స్వెతోజార్ ఉండగా ఆయనా నెబోయ్షా విరిచేవాళ్ళు. ఆయన పోయిన ఏడు రొట్టె ముందు యాగొదా నిస్సహాయంగా నిలబడి ఉంటే, నెబోయ్షా ఏమీ అనకుండా వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. అప్పట్నుంచీ వాళ్ళిద్దరే. అందులోనూ ఒక చిక్కుంది. స్లావాకి ఎవర్నీ పిలవరు. రావలసినవాళ్ళకి తెలుసు, వస్తారు. రాలేదంటే ఆ గడప వదిలేసుకున్నట్టే, ఇక ఆ బంధం తెగిందని ఊరంతా ఒప్పుకున్నట్టే.

నోవీ సాద్‌లో చదువుకుంటున్న దూన్యా ముందురోజే వచ్చి గసగసాల రొట్టెచుట్టలకి పిండి కలుపుతూ తల్లి మొహం కనిపెట్టేసింది.

"అమ్మా, కూమ్‌కి ఫోన్ చెయ్యి."

"స్లావాకి ఫోన్ చేసి పిలుస్తారటే ఎక్కడైనా?"

"స్లావాకి పిలవడానికి కాదు. తప్పయిందని చెప్పడానికి."

"ఆయన నన్ను పిరికిదాన్నన్నాడు."

"నువ్వు ఆయన్ని జబ్బు మనుషుల పని మీద బతికేవాడన్నావు."

"అంత మాట అన్లేదు."

"అంతకంటే ఎక్కువే అన్నావు. జివాన్ చెప్పాడు."

"జివాన్ నోట్లో నువ్వుగింజ నానదు," అని యాగొదా బీన్స్ గిన్నె మూత గట్టిగా పెట్టింది. కాసేపటికి తగ్గిన గొంతుతో, "వస్తాడంటావా?" అని అడిగింది. దూన్యా పిండిని ఇంకా గట్టిగా పిసికింది. దానికీ నమ్మకం లేదని ఆ పిసకడంలోనే తెలిసిపోయింది.

నికోలా పండుగ ఉపవాస దినాల్లో వస్తుంది కనుక మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేపల పులుసు, ఉల్లిపాయలతో కాల్చిన బీన్స్, వాల్‌నట్లు చల్లిన నూడుల్స్, గసగసాల చుట్టలు. జివాన్ అందరికంటే ముందొచ్చాడు. ఇలోన్కా వాళ్ళది వేరే చర్చి, అయినా డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసింది. స్వెతోజార్ మేనత్త పెర్సిదా వచ్చి పొయ్యి పక్క కుర్చీ ఆక్రమించుకుంది. ఇరుగుపొరుగు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఉడికించిన తీపి గోధుమలు ఒక చెంచా తిని, కూర్చుని, రొట్టె వైపొకసారీ తలుపు వైపొకసారీ చూశారు. స్లావా రోజు ఇంటివాళ్ళు కూర్చోకూడదు. యాగొదా నిలబడే ఉంది. నిలబడి ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఆ రోజు ఆమెకు బాగా తెలిసొచ్చింది.

కొవ్వొత్తి సగం దాటింది.

"పులుసు చల్లారిపోతోంది, రొట్టె చూసుకుంటూ కూర్చుంటే కడుపు నిండుతుందేమిటే?" అంది పెర్సిదా. "మీ కూమ్‌కి ఇవాళ తారీఖు తెలియదా?"

"తెలుసు అత్తా."

"తెలిసీ రాలేదంటే రాడు. అదేదో కంప్యూటర్ సామాను మీద కొట్టుకున్నారటగా. మా కాలంలో పొలం గట్ల మీద కొట్టుకునేవాళ్ళు, అందులో కాస్త అర్థమన్నా ఉండేది."

జివాన్ లేచి చేతులు తుడుచుకున్నాడు. "నేను పట్టుకోనా రెండో వైపు? ఏమనుకోకు, పొద్దుపోతోంది."

"కూర్చో జివాన్. నీ చేతులకేం, బంగారం. ఈ రొట్టెకి అవి అలవాటు లేదు," అంది యాగొదా. పోతే పోనీ, ఈ ఏడు రొట్టె విరవకపోతే విరవకపోయింది, ఇంకో చెయ్యి మాత్రం పట్టించనని ఆమె మనసులో అనుకుంది. దాన్ని పంతమనండి, ప్రేమనండి. మా ఊళ్ళో ఆ రెండింటికీ పెద్ద తేడా తెలియదు.

అప్పుడు వాకిట్లో సైకిలు గోడకి తగిలిన చప్పుడయింది.

నెబోయ్షా గుమ్మంలో నిలబడ్డాడు. మీసం నిండా మంచు, చేతిలో వైను సీసా, భుజాన లాప్‌టాప్ సంచి. కోటు మీద కుడి భుజం నుంచి మోచేతి దాకా తెల్లగా ఒక పెద్ద రెట్ట చార.

యాగొదా ఆ చార చూసింది. "చౌకులోంచి వచ్చావా?"

"నీ చెట్ల కిందనుంచే వచ్చా."

"నువ్వెప్పుడూ అటు రావు కదా."

"దగ్గర దారి," అన్నాడు నెబోయ్షా. "ఆలస్యమైంది కదా."

ఆమె తడిగుడ్డ తెచ్చి అతని భుజం తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా ఇంకాస్త తుడిచింది. దూన్యా గోధుమల పళ్ళెం పట్టుకొచ్చి మొహం పక్కకి తిప్పుకుంది, కళ్ళు కనపడకుండా. అతను చెంచాడు తిని, చేతులు కడుక్కుని తిన్నగా బల్ల దగ్గరికొచ్చి రొట్టె రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ తిప్పారు, వైను పోశారు, ప్రార్థన చదివారు, విరిచారు. రొట్టె ముక్క ముద్దు పెట్టుకునేటప్పుడు యాగొదాకి కన్నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా ఆమె అనుకోలేదు.

పులుసు గిన్నెలు ఖాళీ అయ్యేదాకా అంతా ప్రశాంతంగా ఉంది. ఆ తరవాత నెబోయ్షా గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం దాకా కడుపులో పెట్టుకోలేను కానీ, ఇప్పుడే చెప్పేస్తా. నీ లారావెల్లో తప్పులు పట్టాలని కూర్చున్నా కూమా. ఈ రెండు వారాలూ ఇంట్లో అదే పని. నేర్చుకుంటే గానీ తిట్టలేం కదా."

"దొరికాయా?"

"బోలెడు. కానీ ఒకటుంది. సందేశాలు పంపేది. అన్నిటినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కటీ పంపుతుంది, ఒకటి వెళ్ళకపోతే మళ్ళీ పంపు అంటే తనే మళ్ళీ పంపుతుంది. అదంతా దాంతోపాటే వస్తుంది. జాంగోకి అదే కావాలని బయటనుంచి ఇంకోటి తెచ్చి తగిలించా. ఎలాగో పనిచేసింది, కానీ అతుకు అతుకే. ఓడిపోయాను. లారావెల్‌లో చేద్దాం."

జివాన్ కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అన్నాడు. తొందరపడ్డాడు పాపం.

"వీల్లేదు," అంది యాగొదా. "జాంగోలోనే చేద్దాం."

"ఏంటి?"

"నేనూ నేర్చుకున్నా. నర్సమ్మకి కావలసిన తెర చిటికెలో తనే ఇస్తోంది. ఆవిడకి చూపించా కూడా. చేత్తో కట్టేదానికంటే బాగుంది."

"నువ్వు జాంగో నేర్చుకున్నావా?"

"నేర్చుకుంటే గానీ తిట్టలేం కదా."

"తెరదేముంది కూమా, వారం కూర్చుంటే ఎవరైనా కడతారు. సందేశం వెళ్ళకపోతే మనిషి చలిలో నిలబడతాడు."

"రోజూ కుస్తీపట్టేది ఆవిడ. నువ్వా?"

"నీది గెలిచిందంటే ఒప్పుకోవేం?"

"నీది బాగుందంటే నువ్వెందుకు ఒప్పుకోవు?"

గొంతులు పెరిగాయి. నెబోయ్షా లాప్‌టాప్ తెరిచి బీన్స్ పళ్ళేల మధ్య పెట్టాడు. యాగొదా తన లాప్‌టాప్ తెచ్చి గసగసాల చుట్టల పక్కన పెట్టింది. ఒకరి మాట మీద ఒకరు, నిన్నటిదాకా ఎవరు ఏది తిట్టారో అదే ఇప్పుడు నెత్తిన పెట్టుకుని వాదించుకుంటుంటే పక్కింటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇన్నాళ్ళూ మాటల్లేవన్నారు, అప్పుడే నయం," అంది పెర్సిదా.

"నర్సమ్మా, నువ్వు చెప్పు. వాడుకునేది నువ్వు," అన్నాడు జివాన్ దిక్కుతోచక.

ఇలోన్కా కళ్ళద్దాలు పైకి తోసుకుంది. రెండు తెరలూ చూసింది. "ఆ తెర నాకు చాలా నచ్చింది. అబద్ధం చెప్పను," అంది. "కానీ తెర బాలేకపోతే ఏం చేస్తాను? తిట్టుకుంటూ టైపు చేస్తాను. తిట్టుకోవడం నాకు అలవాటే. లాజర్ తాతకి చలిలో నిలబడటం అలవాటవ్వకూడదు. సందేశం ఎందులో గట్టిగా వెళుతుందో అందులో చెయ్యండి."

యాగొదా తన లాప్‌టాప్ నెమ్మదిగా మూసింది.

"సరే, లారావెల్. ఆ తెర నేను చేత్తో కడతాను. దీనికంటే బాగా కడతా, చూస్తూ ఉండు," అంది ఇలోన్కాతో. తను ఎంచుకున్నదే గెలిచినా వాదనలో తను ఓడిపోయింది. జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

జివాన్‌కి కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. "అంటే ఇప్పుడు మీ ఇద్దరికీ రెండూ వచ్చు. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళు చూసుకోగలరు. ఇన్నేళ్ళుగా నాకదే బెంగ," అని గ్లాసు ఎత్తాడు. ఈసారి అతని తొందరకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అందరూ కబుర్లలో పడ్డాక యాగొదా వంటింట్లో రాగి గిన్నె పొయ్యి మీద పెట్టింది. నెబోయ్షా వచ్చి అలవాటుగా గరిటె అందుకున్నాడు.

"నోవీ సాద్ సంగతి తెలిసింది," అంది ఆమె. "తప్పు మాట అన్నాను కూమ్."

"అన్నావు."

"నువ్వూ అన్నావు."

"అన్నాను. నీకు భయమన్నాను."

"భయమే," అంది యాగొదా. "ఇప్పుడు కొంచెం తగ్గింది. నువ్వెందుకు వెళ్ళలేదు అక్కడికి?"

నెబోయ్షా కాఫీ పొంగుతుంటే గిన్నె పైకెత్తి, నురగ దిగాక మళ్ళీ పెట్టాడు. "అక్కడ పొద్దున్నే ఎవరికి కాచి పోస్తాను?" అన్నాడు, గిన్నె మీదనుంచి కళ్ళెత్తకుండా. ముందు ఆమె గ్లాసులో పోశాడు.

ఫిబ్రవరిలో చెయ్యి చాపితే వేళ్ళు కనిపించనంత మంచు పడిన ఒక ఉదయం, మొదటి సందేశం ఎలా చేరుతుందో చూడాలని ఇద్దరూ వ్యాను వెనక సీట్లో మొక్రిన్ వెళ్ళారు. డ్రైవరు దారి కనపడక అడుగులో అడుగు వేస్తూ నడిపాడు. దారంతా ఇద్దరి కళ్ళూ కిటికీ అద్దానికే అతుక్కున్నాయి, గేటు దగ్గర నల్లగా ఒక ఆకారం నిలబడి ఉంటుందేమోనని.

లాజర్ తాత గేటు దగ్గర ఎవరూ లేరు. లోపల దీపం వెలుగుతోంది. వ్యాను ఆగీ ఆగగానే తలుపు తెరుచుకుంది. తాత కోటు బొత్తాలు అన్నీ పెట్టుకుని, ఒక చేతిలో ఫోనూ ఇంకో చేతిలో భూతద్దమూ పట్టుకుని తాపీగా నడిచొచ్చాడు. అతని చెవులు కూడా ఎర్రబడలేదు. యాగొదా నెబోయ్షా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, వదిలిపెట్టడం మరిచిపోయింది.

"వ్యాను బయల్దేరిందని దీంట్లో వచ్చింది," అన్నాడు తాత ఎక్కి కూర్చుంటూ. "వచ్చాక టీ కూడా తాగాను. మీలో ఎవరు పంపారు ఇది?"

"ఈయనే," అంది యాగొదా.

"ఈవిడే," అన్నాడు నెబోయ్షా అదే నిమిషంలో.

"నీది కాదూ ఆ చట్రం?"

"వాదించి గెలిపించింది నువ్వు కాదూ?"

"ఎవరైతేనేం నాయనా, ముందు ఆ తలుపు వెయ్యండి, చలి," అన్నాడు లాజర్ తాత.

నెబోయ్షా తలుపు వేశాడు. వ్యాను కదిలింది. ఆ తగువు మాత్రం కికిందా చేరేదాకా తెగలేదు.